మాత్ర మొదలైన తరువాత

"మందు వేసుకుంటూనే ఉన్నావు కదమ్మా, ఇంకా ఈ నీరసమేమిటి?"

ఈ ప్రశ్న మన ఇళ్లలో తరచు వినవస్తున్నది. అడిగేవారు అత్తగారు కావచ్చు, భర్త కావచ్చు, ఒక్కొక్కప్పుడు కన్నతల్లే కావచ్చు. అడగడంలో దురుద్దేశమేమీ లేదు. జ్వరానికి మందిస్తే మూడోనాటికి ఒళ్లు చల్లబడుతుంది. తలనొప్పికి మాత్ర వేస్తే గంటలో తల తేలికపడుతుంది. అన్ని మందులకూ ఇదే లెక్క చెల్లుతుందని మనం అనుకుంటాం. ఈ లెక్కకు లొంగని మందొకటి ఉన్నది. ఈ పూట నేను శ్రోతలకు మనవి చేయదలచినది దానిని గురించే.

కంఠం ముందుభాగాన, గొంతుముడికి కొంచెం దిగువగా, సీతాకోకచిలుక రెక్కలు విప్పి వాలినట్లు ఒక గ్రంథి ఉన్నది. పారిభాషిక కోశాలలో దీనిని అవటు గ్రంథి అన్నారు. జనం నోట నిలిచింది మాత్రం థైరాయిడ్ అనే పేరే కనుక నేనూ ఆ పేరుతోనే వ్యవహరిస్తాను. శరీరంలోని కణాలు ఎంత చురుకుగా పని చేయాలో నిర్ణయించే రసాన్ని ఇది స్రవిస్తుంది. ఆ రసమే థైరాక్సిన్. గ్రంథి మందగిస్తే కలిగే అవస్థలు శ్రోతలలో చాలామందికి పరిచితాలే. ఎంత నిద్రించినా తీరని అలసట, ఇంటిల్లిపాదికీ చెమటలు పోస్తున్న వేళ తనకు మాత్రం చలి, ముఖాన ఉబ్బు, ఒళ్లు బరువెక్కడం, మలబద్ధం, చర్మం పొడిబారడం, దువ్వెన నిండా జుట్టు, స్త్రీలకు నెలసరిలో అవకతవకలు, నాలుక చివర ఉన్న మాట పైకి రాకపోవడం. హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాలలో జరిపి 2013లో ప్రచురించిన ఒక పరిశీలనలో వయోజనులు నూటికి సుమారు 11 మందికి ఈ మాంద్యం ఉన్నట్లు తేలింది. పురుషులలో కంటె స్త్రీలలో ఇది ఎక్కువ.

వ్యాధిని గురించి, దానిని కనిపెట్టే పరీక్షను గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. పరీక్ష జరిగి, మాత్ర చేతికి వచ్చి, ఆ మాత్ర మోతాదు కుదిరే దాకా గడిచే నెలలను గురించి చెప్పేవారు అరుదు. రోగి ఓపిక కోల్పోయేదీ, ఇంటివారి నమ్మకం సడలేదీ ఆ నెలలలోనే.

ఇందులో నా స్వానుభవం కొంత ఉన్నది. మైకు ముందు కూర్చుని చదవడం నా వృత్తి. కొన్నేళ్ల క్రితం నా గొంతు క్రమంగా బొంగురుపోయింది. జలుబనుకున్నాను. మిరియాల పాలు తాగాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను, ఐసునీళ్లు మానేశాను. నెలలు గడిచినా గొంతు తేరుకోలేదు. ఒక పెద్దాయన ఉత్తరం వ్రాశారు: "మునుపు చదివే అమ్మాయిని మార్చారా?" అని. నవ్వుకున్నాను గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చివరకు ఒక వైద్యురాలు నా ముఖం వైపు, చేతి చర్మం వైపు పరకాయించి చూసి, గొంతుకు మందివ్వకుండా రక్తపరీక్షకు పంపారు. థైరాయిడ్ మందగిస్తే స్వరతంతువులు కూడా ఉబ్బి మందమవుతాయని నాకు అప్పుడే తెలిసింది.

ఆమె 50 మైక్రోగ్రాముల మాత్ర వ్రాసి ఇచ్చి, "ఆరు వారాల తరువాత మళ్లీ రక్తం చూద్దామమ్మా" అన్నారు. నాకు గతుక్కుమన్నది. "ఆరు వారాలాండీ? వచ్చే వారమే చూడకూడదా?" అన్నాను.

ఎందుకు చూడకూడదో తెలుసుకుంటే ఈ వ్యాధిలో సగం చిరాకు తగ్గుతుంది. థైరాక్సిన్ మన శరీరంలో చాలా నిదానంగా ఖర్చవుతుంది. ఉన్నది సగానికి తరగడానికే సుమారు ఏడు రోజులు పడుతుంది. అంత నిదానంగా ఖర్చయ్యే వస్తువు అంత నిదానంగానే కూడుకుంటుంది. ఎండిన చెరువుకు సన్నని కాలువ వదిలామనుకోండి. రోజూ కొంత నీరు వస్తుంది, కొంత పొలాలకు పోతుంది. వచ్చేదీ పోయేదీ సమానమై మట్టం ఒకచోట నిలవడానికి వ్యవధి కావాలి. ఈ చెరువుకు ఆ వ్యవధి అయిదారు వారాలు. అంతకు ముందే కొలకర్ర దింపి చూస్తే కనిపించేది నిండుతున్న నీరే గాని, నిండిన చెరువు కాదు.

ఇక ఆ కొలకర్ర సంగతి. మెదడు అడుగున పీయూష గ్రంథి అని చిన్న గ్రంథి ఉన్నది. థైరాయిడ్‌కు అది పై అధికారి వంటిది. అది పంపే తాఖీదు పేరే టి.ఎస్.హెచ్. కింది ఉద్యోగి బద్ధకించిన కొద్దీ తాఖీదులు ఎక్కువవుతాయి. అందుచేత ఈ అంకె పెరిగితే థైరాయిడ్ రసం తగ్గినట్లూ, అంకె బాగా పడిపోతే రసం ఎక్కువైనట్లూ అర్థం. సాధారణంగా 0.4 మొదలు 4 వరకు ఉంటే సరిగా ఉన్నట్లు భావిస్తారు. వయస్సును బట్టి, పరీక్షాలయాన్ని బట్టి కొద్ది తేడాలుంటాయి. ఈ తలక్రిందుల లెక్క తెలియక ఎన్ని పొరపాట్లు జరుగుతున్నాయో చెప్పలేను. మా బంధువుల ఇంట ఒక పెద్దావిడకు అంకె 12 వచ్చింది. "థైరాయిడ్ ఎక్కువైపోయిందమ్మా" అని ఆమె తనంతట తానే మాత్రను సగానికి విరిచి వేసుకోసాగారు. రెండు నెలలకు మంచం మీది నుంచి లేవడమే కష్టమైంది.

మోతాదు పెంచడం కూడా మెట్టు మెట్టుగానే జరుగుతుంది. గ్రంథి పూర్తిగా పని మానినవారికి సుమారుగా శరీరపు బరువు కిలో ఒక్కింటికి 1.6 మైక్రోగ్రాములు కావలసి ఉంటుంది. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 100. అయితే గ్రంథి ఎంతో కొంత పని చేస్తున్నవారికి అంత అవసరముండదు. వృద్ధులకు, గుండెజబ్బు ఉన్నవారికి 12.5తోనో 25తోనో మొదలుపెడతారు. చాలాకాలం నెమ్మదిగా నడిచిన గుండెను ఒక్కసారిగా పరుగెత్తించరాదు గదా! ఒక్కొక్క మార్పు తరువాత ఆరు మొదలు ఎనిమిది వారాలు ఆగి చూడాలి. మూడు మార్పులు అవసరమైతే ఐదారు నెలలు గడిచిపోతాయి. ఇది వైద్యుని అశ్రద్ధ కాదు, మందు పని చేయకపోవడమూ కాదు.

ఇంత తెలిసిన నేనూ తప్పు చేశాను. మొదటి ఆరు వారాల తరువాత వైద్యురాలు మోతాదును 75కు పెంచారు. పది రోజులు చూశాను. గొంతు మారలేదు. ఒక ముఖ్యమైన ప్రసారం దగ్గరపడుతున్నది. అలమరలో పాత 50 మైక్రోగ్రాముల సీసా సగం నిండుగా ఉన్నది. ఆ రెండూ కలిపి రోజూ వేసుకోవడం మొదలుపెట్టాను, ఎవరికీ చెప్పకుండా. మొదటి వారం హుషారుగానే అనిపించింది. మూడో వారానికి రాత్రులు గుండె దడదడలాడడం, అరచేతుల్లో చెమట, పిల్లల మీద అకారణంగా విసుగు. ప్రసారం నాడు చేతిలోని కాగితాలు వణికి ఆ చప్పుడు మైకులో వినపడింది. గొంతు మాత్రం అదే బొంగురు! మళ్లీ పరీక్ష చేయిస్తే అంకె 0.2కు పడిపోయింది. వైద్యురాలు కోప్పడలేదు. "మనం ఎక్కడ ఉన్నామో తెలియకుండా చేశారమ్మా. మళ్లీ 75తో మొదటి నుంచి లెక్కపెట్టాలి" అన్నారు. తొందరపడి రెండు నెలలు పోగొట్టుకున్నాను. అదే పద్ధతిలో ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదు వేసుకునేవారికి గుండె లయ తప్పడం, ఎముకలు పలచబడడం వంటి ప్రమాదాలున్నాయి. ముట్లుడిగిన స్త్రీలు ఈ విషయంలో మరింత జాగ్రత్త పడాలి.

ఈ చికిత్సకు పెద్ద చరిత్రే ఉన్నది. 1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరంలో జార్జ్ మర్రే అనే యువవైద్యుడు, ఈ వ్యాధితో ముఖమూ ఒళ్లూ ఉబ్బిపోయిన 46 ఏళ్ల స్త్రీకి గొర్రె థైరాయిడ్ గ్రంథి సారాన్ని సూదిమందుగా ఎక్కించాడు. కొద్ది నెలలలో ఆమె తేరుకున్నది. తరువాత అదే సారాన్ని నోటి ద్వారా తీసుకుంటూ మరి 28 ఏళ్లు జీవించి, 74వ ఏట, 1919లో మరణించింది. ఆ ఇరవై ఎనిమిదేళ్లలో ఆమె కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు ఖర్చయ్యాయట! మోతాదు సరిచూడటానికి నేటి రక్తపరీక్షలేవీ ఆనాడు లేవు. రోగి ముఖమూ, మాటా, ఒంటి వేడీ చూసి తెలుసుకోవలసిందే. 1914లో అమెరికాలో ఎడ్వర్డ్ కెండల్ అసలు రసాన్ని వేరు చేయగలిగాడు. 1927 నాటికి బ్రిటనులో చార్లెస్ హారింగ్టన్, జార్జ్ బార్జర్ దానిని ప్రయోగశాలలో తయారు చేశారు. నేడు మనం వేసుకునే చిన్న మాత్ర ఆ వంశానిదే. గొర్రెల బెడద తప్పింది గాని, ఓపిక పట్టే అవసరం తప్పలేదు.

మోతాదు సరిగా ఉన్నప్పటికీ మాత్ర ఒంటబట్టకపోవడం మరొక చిక్కు. ఇక్కడే మన తెలుగు ఇళ్ల ఉదయపు అలవాట్లు అడ్డు వస్తాయి. మాత్రను పరగడుపున, మంచినీళ్లతో మాత్రమే మింగాలి. తరువాత అరగంట నుంచి గంట వరకు ఏమీ తినరాదు. కాఫీ కూడా తాగరాదు. ఈ మాట వినగానే చాలామంది ముఖం చిన్నబోతుంది. కళ్లు తెరిచీ తెరవకముందే ఫిల్టరు కాఫీ కావలసిన జాతి మనది. కాని కాఫీతో కలిసి వెళ్లిన మాత్రలో కొంత భాగం పేగుల నుంచి రక్తంలోకి చేరదు. కాల్షియం మాత్రలకూ, రక్తహీనతకు ఇచ్చే ఐరన్ మాత్రలకూ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. అన్ని మాత్రలూ ఒక్క గుక్కలో మింగేసి, "హమ్మయ్య, అయిపోయింది" అనుకునేవారు చాలామంది ఉన్నారు. వారికి మోతాదు ఎంత పెంచినా చాలినట్లుండదు. కడుపులో మంటకు, పులితేన్పులకు రోజూ మందు వాడేవారు ఆ సంగతి వైద్యునికి చెప్పాలి. ఉదయపు నియమం ఏ విధంగానూ కుదరనివారు వైద్యుని సలహాతో రాత్రి భోజనమైన మూడు గంటల తరువాత, పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. ఏ వేళయినా సరే, రోజూ ఒకే వేళ, ఒకే తీరు. ఒకనాడు మరచిపోతే గాబరా పడవలసినది లేదు. నిదానంగా ఖర్చయ్యే మందు కనుక ఒక్కరోజు లోపంతో చెరువు ఎండదు.

మాత్రల సీసాను పొయ్యి పక్క గట్టు మీదా, ఎండపడే కిటికీలోనూ పెట్టకండి. వేడికీ తేమకూ మందు బలం తగ్గుతుంది. రోహిణి కార్తెలో మన ఇళ్ల వంటగదులు ఎలా ఉంటాయో చెప్పనక్కరలేదు. సీసా మీది కంపెనీ పేరు మారినా వైద్యునికి చెప్పడం మంచిది. పరీక్ష నాడు రక్తం ఇచ్చిన తరువాతనే ఆ రోజు మాత్ర వేసుకోమని చాలామంది వైద్యులు చెబుతారు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవారు పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి. అవి అంకెలను తారుమారు చేస్తాయి.

లక్షణాలన్నీ ఒకేసారి పోవు. ముఖపు ఉబ్బు, చలి, మొద్దుతనం తగ్గుముఖం పట్టడం రెండు మూడు వారాలలోనే కనిపించవచ్చు. చర్మం, జుట్టు, గొంతు తేరుకోవడానికి నెలలు పడుతుంది. జుట్టు మాత్ర మొదలుపెట్టిన తరువాత కూడా కొంతకాలం రాలుతూనే ఉంటుంది. ఆ దశలో భయపడి మందు మానేసినవారు నాకు తెలుసు. బరువు విషయంలో ఆశలు తగ్గించుకోవాలని చెప్పక తప్పదు. ఈ వ్యాధి వలన పెరిగే బరువు సాధారణంగా రెండు మొదలు నాలుగున్నర కిలోలు, అందులోనూ అధికభాగం ఉప్పు, నీరు. పదిహేను కిలోలు పెరిగినవారు మాత్రతో పదిహేనూ తగ్గాలని ఎదురుచూస్తే నిరాశే కలుగుతుంది.

అంకె సరిపడింది. వారాలు గడిచాయి. మనిషి మాత్రం ఇంకా అలసిపోతున్నది. అప్పుడేమిటి? ఇట్టివారు నూటికి ఐదు మొదలు పదిమంది వరకు ఉంటారని వైద్యుల అంచనా. వీరి మాటను కొట్టిపారేయడం అన్యాయం. ఇతర కారణాలను వెదకాలి. రక్తహీనత, బి 12, డి విటమిన్ల లోపం, మధుమేహం, గురకతో కూడిన నిద్రాభంగం, మనోవ్యాకులత, ముట్లుడిగే వయస్సు తెచ్చే మార్పులు. థైరాయిడ్ మాంద్యానికి నేడు ముఖ్యకారణం శరీరపు రక్షణ వ్యవస్థ తన గ్రంథిపై తానే తిరగబడడం. 1912లో జపాను వైద్యుడు హకారు హషిమోటో వర్ణించిన వ్యాధి ఇదే. అట్టివారిలో బి 12 లోపం వంటివి కూడా తోడు రావచ్చు. నా మట్టుకు నాకు గ్రంథి మాత్రలు కుదిరిన తరువాత కూడా మధ్యాహ్నాలు కునుకుపాట్లు తప్పలేదు. చూస్తే రక్తం తక్కువగా ఉన్నది. మూడు నెలలు ఐరన్ వాడవలసి వచ్చింది, నాలుగు గంటల ఎడంతో.

టి 3 అనే మరొక రసాన్ని కూడా మాత్రకు జోడిస్తే మేలని 1999లో ఒక పరిశోధన ఆశ కలిగించింది. తరువాత జరిగిన పరిశోధనలు మొత్తం మీద ఆ ఆశను బలపరచలేదు. మన శరీరమే థైరాక్సిన్‌ను టి 3గా మార్చుకోగలదని 1970లోనే రుజువైంది. అయినా కొందరికి ఆ జంటమందు సుఖమనిపిస్తున్నది, కొందరు వైద్యులు జాగ్రత్తతో ఇచ్చి చూస్తున్నారు. వైద్యుని ఎదుట కూర్చుని తేల్చుకోవలసిన విషయమిది. ఇరుగుపొరుగు సీసాలోంచి తెచ్చుకోవలసినది కాదు.

అయోడిన్ ఉప్పు ఎక్కువ తింటే మాత్ర అవసరముండదని ఒక ప్రచారం ఉన్నది. అయోడిన్ లోపంతో వచ్చే గలగండం వేరు. 1956లో మొదలైన కాంగ్రా లోయ పరిశోధనలో, అయోడిన్ కలిపిన ఉప్పుతో ఆ వ్యాధిని అరికట్టవచ్చునని నిరూపించడంలో ముఖ్యుడు మన శ్రీకాకుళంలో జన్మించిన వులిమిరి రామలింగస్వామి. ఆ ఉప్పు నేడు ఇంటింటా ఉన్నది, అంతవరకు చాలు. తనపై తాను తిరగబడిన గ్రంథికి అదనపు ఉప్పు ఉపకారం చేయదు, పైగా రక్తపోటు తెస్తుంది.

ఆరు వారాలు ఆగమని చెప్పాను గాని, ఆగకూడని సందర్భాలున్నాయి. ఛాతీలో నొప్పి, గుండె లయ తప్పినట్లుండడం, ఆయాసం కలిగితే వెంటనే వైద్యుని చూడాలి. ముసలివారు ఒళ్లు చల్లబడి, పిలిస్తే పలకనంత మగతగా ఉంటే ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఈ మాత్ర వాడుతున్న స్త్రీ గర్భవతి అయిందని తెలిసిన వెంటనే వైద్యునికి కబురు చేయాలి. తొలి నెలలలో బిడ్డకు కావలసిన రసమంతా తల్లి నుంచే రావాలి. కనుక మోతాదును సాధారణంగా నూటికి 25 నుంచి 30 వంతులు పెంచవలసి ఉంటుంది. "వేవిళ్ల సమయంలో మందులు వద్దు" అని పెద్దవాళ్లు ప్రేమతో మాన్పించే మాత్రలలో ఇది ఉండరాదు.

మా ఇంట ఇప్పుడు ఉదయం ఐదున్నరకు నా చెంబుడు నీళ్లు, మాత్ర. ఆరున్నరకు కాఫీ. ఈ గంట ఎడం కనిపెట్టుకుని ఉండే బాధ్యత మా అత్తగారు తీసుకున్నారు. మొదట్లో "ఇంకా నీరసమేమిటి" అని అడిగింది ఆవిడే. వైద్యురాలి వద్దకు ఒకసారి వెంట తీసుకువెళ్లి చెరువు పోలిక వినిపించిన తరువాత మళ్లీ అడగలేదు. వంటింటి క్యాలెండరులో ఏకాదశులకూ, పాలవాని లెక్కకూ పక్కన, తరువాతి రక్తపరీక్ష తేదీకి ఎర్ర సిరాతో సున్న చుట్టి పెట్టారు. ఆ తేదీకి ఇంకా పదకొండు రోజులున్నాయి.